అంకయ్య గొంగళిలో మిరపకాయలు

ఒక మనిషిని నేను దొంగను చేశాను. అతను దొంగ కాడని ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే. అయినా చేశాను. అప్పటినుంచి ఆ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం తిన్నాను, పిల్లల్ని కన్నాను, వాళ్ళ పెళ్ళిళ్ళు చేశాను, నలుగురిలో కూర్చుని నవ్వాను. అది మాత్రం కిందికీ దిగలేదు, పైకీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఇలాంటిది చెప్పుకోవడానికి నాకు అలాంటివాళ్ళే కావాలి. తెలిసినవాళ్ళయితే ముందు ఓదారుస్తారు. నాకు ఓదార్పు వద్దు.

ముందు తుపాకీ సంగతి చెప్పాలి. మా పొలం చిలకలూరిపేటకు పడమరగా ఉండేది. నల్లరేగడిలో పత్తి, మిరప వేసేవాళ్ళం. వాగు పక్కన కాస్త ఇసక నేల ఉంటే అందులో వేరుశనగ వేసేవాళ్ళం. ఆ వేరుశనగ చేలో అడవి పందులు పడి తవ్విపోసేవి. నక్కల సంగతి సరేసరి. అందుకని మా ఆయన పంట కాపలాకని చెప్పి జోడు గొట్టాల తుపాకీకి లైసెన్సు తెచ్చుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల మాట ఇది. తాలూకా కచేరీలో గుమాస్తా షరతులు చదివి వినిపించాడట. సొంత పొలంలోనే కాల్చాలి. పొద్దు గుంకాక జంతువును కాల్చకూడదు. దీపం వేసి దాన్ని నిలబెట్టి అసలే కాల్చకూడదు. తప్పితే తుపాకీ పోతుంది, మనిషి జైలుకు పోతాడు.

మా ఆయన ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా మామగారు పడీపడీ నవ్వారు. "అయితే నక్కలకు పగలు రమ్మని కబురు పెట్టరా" అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. తుపాకీ ఉన్న ప్రతివాడూ రాత్రే కాల్చేవాడు. మునసబు గారికి తెలియక కాదు. తుపాకీ చప్పుడు వినపడితే ఆయన అటు తిరిగి పడుకునేవారు. ఆ షరతు ఎవరి కోసం పెట్టారో మాలో ఒక్కరూ ఆలోచించలేదు. పందుల మీదా నక్కల మీదా జాలితో పెట్టారనుకున్నాం. ఎంత తెలివితక్కువవాళ్ళం!

రాత్రి కాల్చాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తుపాకీ పట్టుకుంటే ఇంకొకరు బ్యాటరీ లైటు పట్టుకోవాలి. వెలుగు పడగానే జంతువు కళ్ళు మెరుస్తాయి. ఒళ్ళు కనపడదు. చీకట్లో రెండు చుక్కలు, అంతే. ఆ చుక్కలు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో, రెంటికీ మధ్య ఎంత ఎడం ఉందో, ఏ రంగులో ఉన్నాయో చూసి లైటు పట్టినవాళ్ళు అదేమిటో చెప్పాలి. అప్పుడే రెండోవాళ్ళు కాలుస్తారు. మా పాలేరుకు రేచీకటి. అందుకని ఒకరాత్రి లైటు నా చేతికొచ్చింది. వచ్చిన లైటును నేను మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

నాకది బాగా పట్టుబడింది. నక్క కళ్ళు పసుపు. కుందేలు కళ్ళు ఎరుపు. గొర్రె, మేక కళ్ళు నీలం కలిసిన ఆకుపచ్చ. చూసీ చూడగానే చెప్పేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడదాని మాట మీద పేలే తుపాకీ మాదొక్కటే. "నీ పెళ్ళాం నక్క అందంటే అది నక్కేరా, ఇంక చూడక్కర్లేదు" అనేవారు మా ఆయన స్నేహితులు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని. ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉండేదో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. కానీ రాయాలి. జరిగినదానికి వేరు అక్కడే ఉంది.

ఇక అంకయ్య గురించి. అంకయ్య గొర్రెల కాపరి. నాకంటే పదేళ్ళకు పైగా పెద్దవాడు, కానీ నన్ను అమ్మగారూ అనేవాడు. వేరుశనగ తీసేశాక ఖాళీ అయిన చేలో ఏటా అతని మందను కట్టించేవాళ్ళం. అంటే రాత్రిళ్ళు గొర్రెల్ని మా చేలోనే నిలపడం. వాటి పెంటతో నేలకు బలం వస్తుంది. బదులుగా అతనికి గింజలు కొలిచేవాళ్ళం, రాత్రి కూడు మా ఇంటినుంచే పంపేవాళ్ళం. అంకయ్య ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఎప్పుడు చూసినా తలమీదినుంచి నల్లగొంగళి. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో అదొక్కటే అతని ధ్యాస.

ఆ ఏడు పుష్యమాసంలో చలి ఎక్కువ. పుట్టిన గొర్రెపిల్లలు తెల్లారేసరికి బిగుసుకుపోతున్నాయని అతని భార్య నాతో చెప్పుకుని బాధపడింది. మా మిరప కల్లం వాళ్ళ మందకు దగ్గరే. పగలంతా కాయలు ఆరబోసి, సాయంత్రం మంచు పడకుండా రాశిపోసి గోనెపట్టాలు కప్పి, అక్కడే తాటాకు పాకలో మేమిద్దరం కాపలా పడుకునేవాళ్ళం. పాకలో నిప్పుల కుంపటి ఉండేది. "చలికి పిల్ల ఆగకపోతే ఏ వేళైనా సరే మా పాకకు తెమ్మని చెప్పు" అన్నాను ఆమెతో. నేనే అన్నాను. ఈ మాట నేను అన్నట్టు ఆ తర్వాత పోలీసులకు చెప్పలేదు.

అదే నెలలో పిచ్చినక్క తిరుగుతోందని పుకారు వచ్చింది. ముందు ఒక గేదెను కరిచిందన్నారు. తర్వాత పక్క పల్లెలో పత్తి తీస్తున్న ఆడమనిషిని కరిచింది. ఆమె చెంబులో నీళ్ళు చూసి కేకలు పెడుతూ చచ్చిపోయిందని విన్నాం. ఆ కేకలు నేను వినలేదు. అయినా రాత్రి కళ్ళు మూస్తే వినపడేవి. మునసబు గారు తాలూకాకు రాశారు, రాత్రి కాల్చనివ్వమని. కుదరదన్నారు, పగలు చూసుకోమన్నారు. ఊళ్ళో మళ్ళీ నవ్వుకున్నారు గాని ఈసారి ఆ నవ్వులో సరదా లేదు. మామూలు నక్క వెలుగు పడగానే తల తిప్పుకుంటుంది. పిచ్చినక్క కదలదు, అలా చూస్తూనే ఉంటుంది. ఆ మాట ఎవరు చెప్పారో గుర్తులేదు. నా బుర్రలో మాత్రం నాటుకుపోయింది.

ఆ రాత్రి ఏదో అలికిడికి ఇద్దరికీ మెలకువ వచ్చింది. పాక బయటికి వచ్చి లైటు వేశాను. ఖాళీ చేలోకి పోయే గట్టు మీద రెండు కళ్ళు.

కదలలేదు. నేను చేయి అటూ ఇటూ ఆడించాను. అయినా కదలలేదు. కూర్చున్న కుక్క తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, వెలుగులోకే చూస్తూ నిలిచిపోయాయి. వాటి చుట్టూ ఏమీ లేదు. గట్టు మీద తుమ్మచెట్టు తెలుస్తోంది, ఎండిన గడ్డి తెలుస్తోంది, ఆ కళ్ళున్న చోట మాత్రం చీకటి ముద్దకట్టి ఉంది.

"ఏంటది?" అన్నారు మా ఆయన మెల్లగా.

నేను రంగు చూశాను. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి. పసుపు కాదు. చూశాను, తెలిసింది, ఒక్క క్షణం ఆగాను. పిచ్చినక్క కళ్ళు ఏ రంగులో ఉంటాయో నేనెప్పుడు చూశాను గనక అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేక నాకు తెలియడం లేదు అనడం చేతకాక, తర్వాత అల్లుకున్నానా? ఆయన నా మాట కోసం ఆగి ఉన్నారు. నా మాట తప్పిన రాత్రి అంతవరకు ఒక్కటీ లేదు.

"నక్కే" అన్నాను.

తుపాకీ పేలింది. కళ్ళు ఆరిపోయాయి. తర్వాత గట్టు మీదినుంచి మనిషి మూలుగు వినపడింది.

మేం పరుగెత్తి వెళ్ళేసరికి అంకయ్య వెనక్కి పడి ఉన్నాడు. ఎడమ భుజం, మెడ పక్కన సీసపు గుళ్ళు దిగి గొంగళి తడిసిపోయింది. నల్లగొంగళి కప్పుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అందుకే ఒళ్ళు కనపడలేదు. చేతుల్లో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల. మాకు కనపడ్డవి దాని కళ్ళు. మనిషి కళ్ళు వెలుగుకు మెరవవు. మేం చూసిన చీకటి ముద్దే అంకయ్య.

ఆ షరతు ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది నాకు.

మా ఆయన తుపాకీ కింద పెట్టేశారు. "దీపం వేసి కాల్చాం. జైలే. నేను జైలుకు పోతాను" అంటున్నారు, అదే మాట మళ్ళీ మళ్ళీ. ఆయన వణుకుతుంటే నాకు వణుకు పోయింది. అది నా స్వభావం. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ముందు నేనే లేచేదాన్ని, పాము దూరితే కర్ర నేనే పట్టేదాన్ని. ఆ తెలివే ఆ రాత్రి లేచింది. రాత్రిపూట నక్క మీద కాలిస్తే నేరం. దొంగ మీద కాలిస్తే? కల్లం మీద పడ్డ దొంగను బెదిరించబోతే గుండు తగిలిందంటే? అప్పుడు ఎవరూ మమ్మల్ని ఏమీ అనరు. చూడండి ఆ చట్టాన్ని నేను ఎటు తిప్పానో. నక్కను కాలిస్తే తప్పయింది, మనిషిని కాలిస్తే ఒప్పయింది.

రాశి మీది పట్టా తొలగించాను. కాయలు దోసిళ్ళతో ఎత్తి తెచ్చి అంకయ్య గొంగళి చెంగులో పోశాను. పోసి ముడి వేశాను. ముడి జారిపోతే మళ్ళీ గట్టిగా వేశాను. నెత్తుటికీ మిరపకాయలకీ రంగులో తేడా తెలియలేదు. పిల్లను తీసి పక్కన పెట్టాను. పిల్ల చచ్చిపోయి ఉంది. మా ఆయన అన్నీ చూస్తూనే ఉన్నారు. వద్దని అనలేదు.

మా ఆయన ఊళ్ళో పాలేరును లేపి బండి కట్టించి తెచ్చాక, అంకయ్యను ఎక్కిస్తుంటే అతనికి తెలివి వచ్చింది. చీకట్లో నన్ను గుర్తుపట్టాడు.

"అమ్మగారూ, పిల్ల ఏదమ్మా?" అన్నాడు.

"ఏ పిల్ల?" అన్నాను.

"నా చేతిలో పిల్లమ్మా. సల్లబడిపోతంటే మీ పాకకు తెస్తన్నా. నోట్లో గాలి ఊదుదామని గట్టు మీద కూసున్నా. మీరు లైటేస్తే నాకోసమే ఏశారనుకున్నానమ్మా. మీకు కనపడాలని పైకెత్తి చూపించా."

"నీ చేతిలో ఏ పిల్లా లేదు అంకయ్యా" అన్నాను.

అతను నా మొహంకేసి చూశాడు. నొప్పితో పళ్ళు కొరుక్కుంటూనే చూశాడు. మా ఆయన బండి ఎక్కి పగ్గాలు పట్టారు. బండి పేట ఆసుపత్రికి బయల్దేరింది.

పొద్దున మునసబు గారూ పోలీసు జవానూ కల్లానికి వచ్చారు. నేను చెప్పాల్సింది చెప్పాను. కేకేస్తే ఆగలేదన్నాను, కత్తి ఉందేమోనని భయపడ్డామన్నాను. బండి ఎక్కించేటప్పుడు అంకయ్య ఒంటి మీంచి తీసి ఉంచిన గొంగళి ముడి విప్పి చూశారు. కాయలు మావే. ఆ జవాను ముఖంలో ఏదో అనుమానం ఉంది, కానీ ఏం అడగాలో అతనికి తెలిసినట్టు లేదు. అప్పుడు ఒక గొర్రె వచ్చింది. మందను వదిలి, మనుషుల మధ్యనుంచి నడిచి, మా పాక వెనక తడికె దగ్గర నిలబడి అరవడం మొదలుపెట్టింది. దాని పొదుగు నిండి ఉంది. తోలితే పోయి మళ్ళీ అక్కడికే వచ్చింది. "ఇదేంటి ఇక్కడ అరుస్తోంది?" అన్నాడు జవాను. "పనికిరాని తాలుకాయలు పడేస్తుంటామండీ, అలవాటు పడింది" అన్నాను. చెబుతుంటే గట్టిగా దగ్గు వచ్చింది. మిరప కల్లంలో అందరూ దగ్గేవాళ్ళే. జవాను కూడా దగ్గుతూ వెళ్ళిపోయాడు.

ఆ గొర్రె మూడు సాయంత్రాలు వచ్చింది. అందరూ నా మాట నమ్మారు, అది నమ్మలేదు.

అంకయ్య పోలీసులకు పిల్ల సంగతి చెప్పాడట. పిల్ల ఏదీ అంటే చూపించలేకపోయాడు. దొంగతనం కేసులో కొన్నాళ్ళు జైల్లో ఉన్నాడు. ఎడమ చేయి మళ్ళీ లేవలేదు. బయటికొచ్చాక అతని మందను తమ చేలో కట్టనిచ్చినవాళ్ళు లేరు. దొంగను రాత్రంతా పొలంలో ఎవరు ఉండనిస్తారు? గొర్రెల్ని అమ్ముకున్నాడు. పేటలో జిన్నింగు మిల్లులో ఒంటిచేత్తో దూది ఊడుస్తూ బతికాడని విన్నాను. అతని భార్య ఊరు విడిచిపోయే ముందు మా గుమ్మం దాకా వచ్చింది. పాకకు తెమ్మన్నది నేనేనని ఆమెకు తెలుసు. నన్నొకసారి చూసి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

మా ఆయన తుపాకీని ఠాణాలో అప్పజెప్పి వచ్చారు. దాని గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు, ఆయన పోయేదాకా. కానీ తుపాకీ పోయినా కళ్ళు పోలేదు.

ఇది చెబితే మీరు నాకు మతి చలించిందనుకుంటారేమో. అనుకోండి. ఆ ఏడు ఎండాకాలం, లాంతరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. గడ్డివామి పక్కన రెండు చుక్కలు. నీలం కలిసిన ఆకుపచ్చ. కూర్చున్న మనిషి చేతులు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తులో. మేకపిల్ల ఏదైనా తప్పిపోయి వచ్చిందేమోనని దగ్గరికి వెళ్ళాను. ఏమీ లేదు. వెనక్కి వచ్చి తిరిగి చూస్తే ఉన్నాయి. తర్వాత బస్సు లైట్లలో, రోడ్డు వార, పేట దాటగానే. తర్వాత మా అమ్మాయి పెళ్ళి పందిట్లో, పెట్రోమాక్సు వెలుగు ఆగిపోయే చోట. అవి దగ్గరికి రావు, బెదిరించవు. ఎవరో పిల్లను పైకెత్తి చూపిస్తున్నట్టు అలా నిలిచి ఉంటాయి. ఊళ్ళోకి కరెంటు వచ్చినప్పుడు అందరూ వసారాలో బల్బులు పెట్టించుకున్నారు. నేను మా వసారాలో పెట్టనివ్వలేదు. పీనాసిదన్నారు నన్ను. చీకట్లోనైతే కనపడవు. వెలుగు వేస్తేనే కనపడతాయి.

ఇంతవరకు రాసి రెండు రోజులు కాగితాలు పక్కన పెట్టాను. బరువు దిగిందనుకున్నాను. దిగలేదు. ఎందుకో నాకు తెలుసు. పైన ఒకచోట మీకూ అబద్ధం చెప్పాను.

పిల్ల చచ్చిపోయి ఉందని రాశాను. చచ్చిపోలేదు.

మా ఆయనకు కూడా చచ్చిపోయిందనే చెప్పాను. దానికి ఒక్క గుండూ తగల్లేదు. అంకయ్య దాన్ని పొట్టకు అదుముకుని పడ్డాడు. నేను దాన్ని గోనెసంచిలో వేసి పాక వెనక ఖాళీ సంచుల కింద పెట్టాను. అంకయ్య బండి మీదినుంచి అడిగినప్పుడు అది నాకు పది బారల దూరంలో ఊపిరి తీస్తోంది. పొద్దున జవాను వచ్చినప్పుడూ బతికే ఉంది. తల్లి గొర్రె అరిస్తే అది లోపలినుంచి పలికింది, సన్నగా. నాకు వచ్చిన ఆ దగ్గు మిరప ఘాటుకు వచ్చింది కాదు. దాని గొంతు మీద నేను దగ్గాను.

వాళ్ళు వెళ్ళాక సంచి విప్పాను. కళ్ళు తెరిచి ఉన్నాయి. పగటి వెలుగులో ఏ మెరుపూ లేదు, మామూలు నల్లటి కళ్ళు. చేయి దగ్గరికి పెడితే నా వేలు నోట్లోకి తీసుకుని చప్పరించింది. తడికె అవతల తల్లి ఉంది. తడికె కాస్త పక్కకు జరిపితే చాలు. అది పిల్లను నాకేది. ఊరు చూసేది. అంకయ్య చెప్పింది నిజమయ్యేది, మా ఆయన జైలుకు పోయేవారు, నా మాట తప్పయ్యేది. మా ఆయన కోసం చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఆయన కోసమేనా? ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ఆయన మొహం కాదు. "నీ పెళ్ళాం నక్క అందంటే అది నక్కేరా" అన్న మాట.

వేలు లాక్కున్నాను. సంచి మూతి మెలిపెట్టి, అది కదలడం మానేదాకా పట్టుకుని కూర్చున్నాను. అవతల తల్లి అరుస్తూనే ఉంది. చీకటి పడ్డాక వాగులో పూడ్చాను.

ఇదీ అసలు సంగతి. మిగిలినదంతా భయంలో చేశానని చెప్పుకోవచ్చు. ఇది పట్టపగలు, చేతులు వణక్కుండా చేశాను.

అంకయ్య పోయి చాలా కాలమైంది. అతని వాళ్ళు ఇప్పటికీ పేట దగ్గర ఒక ఊళ్ళో ఉన్నారు. అక్కడ వాళ్ళ అసలు ఇంటిపేరుతో ఎవరూ పిలవరట. "మిరపకాయలోళ్ళు" అంటారట. ఎందుకలా అంటారో ఆ ఇంట్లో చిన్నపిల్లలకు తెలియదు, కానీ ఎవరైనా అలా పిలిస్తే తల దించుకుంటారని విన్నాను. వాళ్ళ దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేదు. వెళ్ళినా ఏం అడగాలి? క్షమించమని అడిగే హక్కు నాకుందా? లేదు. మీరూ క్షమించకండి.

నేను అడిగేది వేరు. ఆ ఇంటిని ఎవరైనా ఆ పేరుతో పిలవగా మీరు వింటే, వాళ్ళకు ఒక్క మాట చెప్పండి. ఆ రాత్రి అంకయ్య చేతుల్లో ఉన్నది గొర్రెపిల్ల. ఇంకేమీ లేదు. బతికే ఉంది.